రొటెనోన్ (పురుగుమందు) ఇవ్వని ఈగలు కూడా పైకి పాకడం లేదు, ఏం చేయాలి?

జువాలజీ లెక్చరర్:
పొద్దున పదింటి నుంచి ఇదే పని. బీఎస్సీ ఫైనలియర్ పిల్లలు నలుగురితో పార్కిన్సన్ జబ్బు మీద ప్రాజెక్టు చేయిస్తున్నాను. కొన్ని పండ్ల ఈగలకి మేతలో 500 మైక్రోమోలార్ రొటెనోన్, కొన్నింటికి మామూలు మేత. ట్యూబుని తట్టి, 10 సెకన్లలో 8 సెంటీమీటర్ల గీత దాటినవాటిని లెక్కపెడుతున్నాం. రెండు రకాలూ అడుగునే కూర్చుంటున్నాయి. నాలుగుసార్లు చేశాం. ఒకమ్మాయి ఏడ్చేసింది కూడా. సోమవారం వైవా. దయచేసి ఎవరైనా చెప్పండి.

ఈగలగది:
ఈగలకి మత్తుకోసం ఈథర్ ఇచ్చారా? ఇచ్చి ఎంతసేపైంది?

ఆకుపసరు:
కంపవాతం (పార్కిన్సన్) మీద పిల్లలు పనిచేయడం చాలా సంతోషం మేడమ్. దూలగొండి గింజల్లో సహజంగానే ఈ జబ్బుకి వాడే మందు ఎల్‌డోపా ఉంటుంది, అదీ పెట్టి చూడండి. అయితే ఊరికో మొక్కని ఆ పేరుతో పిలుస్తారు. బజారులో పొడి కొనకండి. గింజలు తెచ్చి బోటనీ వాళ్లకి చూపించి, మొక్క పేరు ఖాయం చేసుకున్నాకే మొదలుపెట్టండి.

నరాలపాఠం:
కంపవాతం అనే మాట పిల్లలకి నేర్పొద్దండీ. వణుకు లేని రోగులూ ఉంటారు. కదలిక నెమ్మదించడమే అసలు లక్షణం. రొటెనోన్ తిన్న ఈగకి పార్కిన్సన్ వచ్చిందని కూడా రాయించకండి. ఆ మందు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ 1 అనే ఎంజైముని అడ్డుకుంటుంది. జబ్బులో కనిపించే కొన్ని మార్పులు ఈగలో వస్తాయి, అంతే.

ఆకుపసరు:
జేమ్స్ పార్కిన్సన్ 1817లో రాసిన వ్యాసం పేరులోనే వణుకు ఉంది కదా! మన మాటనే ఎందుకు తప్పుపట్టాలి?

నరాలపాఠం:
200 ఏళ్ల కిందటి పేరు అది. ఆ తర్వాత చాలా తెలిసింది.

ఈగలగది:
మేడమ్, ఈథర్ సంగతి చెప్పలేదు. మత్తు దిగని ఈగ ఏ మేత తిన్నా పాకదు. ముందురోజే మగవాటిని వేరుచేసి, ఒకే వయసువి ట్యూబుల్లో పెట్టి, 24 గంటలు వదిలేయండి. మర్నాడు మత్తు ఇవ్వకుండా, ప్రతిసారీ ఒకే వేళకి చేయండి. రొటెనోన్ నీళ్లలో కరగదు, ద్రావకమైన డీఎంఎస్‌ఓలో కలిపే ఉంటారు. అంతే డీఎంఎస్‌ఓ రొటెనోన్ లేని కంట్రోల్ మేతలోనూ ఉండాలి. లేకపోతే తేడా దేనివల్లో చెప్పలేరు. మేత గోరువెచ్చగా అయ్యాక కలపండి, వెలుతురు తగలనివ్వకండి. అది విషం. పిల్లలు గ్లవ్స్, మాస్కు లేకుండా తూచకూడదు.

ఆ అమ్మాయి చేత ముందు కంట్రోల్ ఈగలతోనే చేయించండి. అవి పాకడం తన కళ్లతో చూస్తే ధైర్యం వస్తుంది. ఇవాళ్టి అంకెలు కొట్టేయించకండి, నోట్‌బుక్కులో కారణంతో సహా ఉండాలి. వైవాలో అడిగితే చెప్పుకోదగ్గ విషయం అదే.

జువాలజీ లెక్చరర్:
ఈథర్ ఇచ్చిన పది నిమిషాలకే చేశాం. కంట్రోల్‌లో డీఎంఎస్‌ఓ లేదు. రేపు వేరుచేసి ఎల్లుండి చేస్తాం. థాంక్సండీ.

కొత్త గైడు:
మా పిల్లలదీ ఇదే ప్రాజెక్టు. ఏసీ లేని ల్యాబులో ఈగలకి కావలసిన 25 డిగ్రీలు ఎలా నిలబెడుతున్నారు?