విడోస్ వీడ్స్ అంటే ఏమిటి?

ప్రశ్న: పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు కథ తెలుగు చేస్తున్నాను. భర్త పోయినావిడ ‘విడోస్ వీడ్స్’తో గదిలోకి వచ్చిందని ఉంది. వీడ్ అంటే కలుపు కదా? అర్థం పొసగడం లేదు. తెల్లచీర అనేయొచ్చా?

జవాబు: తెల్లచీర వద్దండి. ఇక్కడ వీడ్ అంటే బట్ట. కలుపుతో దానికి చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో కలుపు ‘వేయోడ్’, వస్త్రం ‘వ్యాడ్’. ఉచ్చారణ అరిగి రెండూ ఒకే శబ్దమయ్యాయి. మన ‘పాలు’ చూడండి: పాలుపంచుకోవడంలో ఉన్నది వాటా, గేదె ఇచ్చేది కాదు. పెద్ద నిఘంటువులు ఈ రెండింటినీ వేర్వేరు పదాలుగానే ఇస్తాయి. మొదటి అర్థం దగ్గరే ఆగిపోతే కలుపే దొరుకుతుంది, కిందికి వెళ్ళి రెండో పదం చూడాలి. ఐస్‌లాండ్ ఉన్ని బట్ట ‘వాద్‌మాల్’లో మొదటి సగం ఈ మాటకు తోబుట్టువే.

విక్టోరియా కాలంలో వైధవ్యానికి రంగు నలుపు. మెరుపు లేని నల్ల క్రేప్ బట్ట వాడేవారు. 1861లో భర్త పోయాక విక్టోరియా రాణి 1901లో కన్నుమూసేదాకా నలుపే కట్టింది. తలమీది టోపీ తెల్లగా ఉన్నా గౌను నల్లదే. కాబట్టి మొదటిసారి ‘భర్త పోయినందుకు వేసుకున్న నల్లదుస్తులు’ అనండి, తర్వాత ‘నల్లబట్టలు’ చాలు.

ఇప్పుడు ఈ అర్థంలో బహువచనమే మిగిలింది. షేక్‌స్పియర్ ఏకవచనంలోనూ వాడాడు. ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ రెండో అంకంలో పాము వదిలిన తోలు ఒక ఫెయిరీ చుట్టుకోవడానికి సరిపోయే ‘వీడ్’. అక్కడ తెలుగుకు అదృష్టం కలిసొచ్చింది. ‘కుబుసం’ అంటే పాము విడిచేదీ, పాతకాలపు రవికా కూడా!

ప్రశ్న: మరి షేక్‌స్పియర్ రెండో సానెట్‌లో (సానెట్ అంటే పద్నాలుగు పాదాల పద్యం) వచ్చే ‘వీడ్’ ఏమిటి? అక్కడ పొలం కూడా ఉంది.

జవాబు: అదే చిక్కు. రెండో పాదంలో అందమనే పొలంలో చలికాలాలు కందకాలు తవ్వుతాయంటాడు, మూడో పాదంలో యౌవనాన్ని ‘లివరీ’ అంటాడు, అంటే పెద్దింటి నౌకర్ల దుస్తులు. నాలుగో పాదంలో వీడ్. దానికి ముందున్న విశేషణం ‘చిరిగిన’ అని. మొక్క చిరగదు కనుక బట్టే. పొలం వల్ల కలుపు కూడా మనసులో మెదులుతుంది, నిజమే. కానీ రెండూ ఇరికిస్తే పాదం కుంటుతుంది. ‘చింకిపాత’ అని వేసి, కలుపు సంగతి పుట అడుగున చెప్పండి.