ఇంటి పక్క ఖాళీ స్థలం కొనాలి, కానీ ఎవరి పేరున ఉందో తెలియట్లేదు

తూర్పుదొడ్డి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నేను ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటాను, అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటారు. మా ఇంటికి తూర్పున ఆరు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. నా చిన్నప్పుడు అక్కడ పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటి మామ్మగారు పోయాక పిల్లలు తలోచోటికీ వెళ్లిపోయారు. ఇల్లు వానలకి కూలిపోయింది. ఇప్పుడు నుయ్యి, కొబ్బరిచెట్లు, ఒక ములగచెట్టు మాత్రం మిగిలాయి.

ఊరు వదిలి వెళ్లేటప్పుడు వాళ్ల పెద్దబ్బాయి మా నాన్నతో "బాబాయ్, కాస్త చూస్తుండండి" అన్నారట. అప్పట్నుంచి తుప్పలు కొట్టించడం, నూతి మీద పలక వేయించడం అన్నీ నాన్నే చూసుకుంటున్నారు. మా గేదెని కూడా అక్కడే కడతారు.

అమ్మకి మోకాళ్లు బాగా అరిగిపోయాయి, మేడ మెట్లు ఎక్కలేకపోతోంది. కింద ఒక గది, బాత్రూమ్ వేద్దామంటే మా స్థలం చాలదు. అందుకే పక్క స్థలం కొనాలనుకుంటున్నాం. కానీ ఆ పెద్దబ్బాయిగారు కూడా పోయారని విన్నాం. మిగతావాళ్లు ఎక్కడున్నారో తెలియదు. మీభూమి (ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు)లో వెతికితే ఆ సర్వే నంబరుకి గ్రామకంఠం అని ఉంది గానీ మనిషి పేరు లేదు.

ఊళ్లో ఒక పెద్దాయన "పన్నెండేళ్లు దాటిపోయింది కదా, గోడ కట్టేసుకోండి, మీదే అవుతుంది" అంటున్నారు. నాన్న ఆ మాట వినగానే లేచి వెళ్లిపోయారు. నాకూ అలా చేయాలని లేదు. కానీ చట్టం నిజంగా అలాగే ఉందా? వేరే ఎవరైనా వచ్చి కట్టేసుకుంటారేమో అని కూడా టెన్షన్‌గా ఉంది.

పాలకొల్లు కుర్రాడు:

ఆ పెద్దాయన చెప్పింది తప్పేం కాదండి. అడ్వర్స్ పొసెషన్ అంటారు, అంటే పరాయి స్థలాన్ని గడువు దాటేదాకా తనదిగా అనుభవించి హక్కు పొందడం. 2019లో సుప్రీంకోర్టు కూడా అలా స్వాధీనంలో ఉన్నవాళ్లు హక్కు కోసం దావా వేసుకోవచ్చని చెప్పింది. ఇంటి పన్ను మీ పేరున కట్టడం మొదలుపెట్టి రసీదులు దాచుకోండి.

దస్తావేజు మాస్టారు:

అమ్మా, నేను పశ్చిమ గోదావరిలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరిగా చాలా ఏళ్లు పనిచేశాను. ముందు ఆ పన్నెండేళ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే దీన్ని సగం విని కొంపలు ముంచుకున్నవాళ్లని చూశాను.

1963 లిమిటేషన్ చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్న మాట నిజం. కానీ ఆ లెక్క మీరు స్థలంలో అడుగుపెట్టిన రోజు నుంచి మొదలవదు. "ఇది నాది, నీకు హక్కు లేదు" అని అసలు యజమానికి తెలిసేలా బహిరంగంగా అనుభవించడం మొదలైనప్పటి నుంచి లెక్క. మీ నాన్నగారి చేతిలో స్థలం పెట్టింది యజమానే. "చూస్తుండండి" అన్నారంటే అది అనుమతి. అనుమతితో ఎన్ని దశాబ్దాలు గేదెను కట్టినా హక్కు రాదు. పై తమ్ముడు చెప్పిన 2019 తీర్పు, హక్కు పూర్తిగా ఏర్పడినవాడు దావా కూడా వేయొచ్చని మాత్రమే చెప్పింది. రుజువు చేయాల్సిన భారం ఏమీ తగ్గలేదు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఇంకొకరి స్థలానికి మీ పేరున పన్ను కట్టించుకుంటే, రేపు వాళ్ల పిల్లలు వచ్చినప్పుడు మీ నాన్నగారు ఇన్నేళ్లు నిలబెట్టుకున్న మంచిపేరు పోతుంది. ఆ పని మాత్రం చేయొద్దు.

ఇక ఎవరిదో కనుక్కోవడం. మొట్టమొదట బీరువాలోంచి మీ ఇంటి దస్తావేజు బయటికి తీయండి. ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దులు, ఉంటుంది. తూర్పు హద్దు దగ్గర "ఫలానావారి దొడ్డి" అనో "ఫలానావారి స్థలం" అనో రాసి ఉంటుంది. ఆనాటికి ఆ స్థలం ఎవరి చేతిలో ఉందో మీ కాగితమే చెబుతుంది. అటు పక్కవాళ్ల దస్తావేజు కూడా అడిగి చూడండి, వాళ్ల పడమటి హద్దులో అదే పేరు రావాలి. పేరు మామ్మగారిదా, వాళ్ల ఆయనదా, మామగారిదా అన్నది చాలా ముఖ్యం. వారసులు ఎవరన్నది దాన్ని బట్టే మారుతుంది.

గ్రామకంఠం అని కనబడితే ప్రభుత్వ భూమి అనుకుని భయపడొద్దు. ఊరివాళ్ల ఇళ్ల కోసం ఉన్న నేల అది. పొలాల్లా శిస్తు ఉండదు, అందుకని అడంగల్, 1-బి అనే రెవెన్యూ భూమి రికార్డుల్లో ఇళ్లవాళ్ల పేర్లు ఉండవు. వాటి బదులు పంచాయతీలో ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు చూడాలి. ఇల్లు కూలినా పాత పుస్తకాల్లో డోరు నంబరు, పేరు ఉంటాయి. చూపించమని కార్యదర్శిగారికి మర్యాదగా దరఖాస్తు ఇవ్వండి. కుదరకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఊళ్లో ఇళ్ల స్థలాలు కొలిచి యజమాని పేరు రాసే స్వామిత్వ సర్వే మీ ఊళ్లో జరిగిందేమో, ఆ స్థలానికి ఎవరి పేరు రాశారో కూడా అక్కడే అడగండి. పొరపాటున మీ నాన్నగారి పేరు రాసి ఉంటే సరిచేయించండి.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. 1983 నుంచి ఉన్నవి కంప్యూటర్లో దొరుకుతాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సులు తిరగేయించాలి. సర్వే నంబరుతో రాకపోతే మనిషి పేరుతో వెతికించండి. దస్తావేజు నంబరు దొరికితే సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. స్థిరాస్తి దస్తావేజుల నకలు ఫీజు కడితే ఎవరికైనా ఇస్తారు. ఎప్పుడో సహకార సొసైటీలో అప్పుకి పెట్టిన తనఖా ఒకటి తీరిందో లేదో తేలకుండా పడి ఉండటం పాత ఆస్తుల్లో మామూలే, అదీ చూసుకోండి.

మనుషుల ఆచూకీకి ఒక మాట. మీ ఊరి పురోహితుణ్ణి అడగండి. తద్దినాలకి తిథి కనుక్కోవడానికి ఏ పిల్లలు ఫోన్ చేస్తారో ఆయనకి తెలిసి ఉంటుంది. మామ్మగారి పుట్టింటివాళ్లని కూడా అడగండి.

ఎవరో ఒక్కరు దొరికారు కదా అని అడ్వాన్సు ఇవ్వొద్దు. కొడుకులు, కూతుళ్లు, పోయిన కొడుకు భార్యాపిల్లలు, అందరి లెక్కా తేలాక డబ్బు మాట.

తెనాలి_డాలస్:

నేను అవతలి వైపు మనిషిని. తెనాలి దగ్గర మా అమ్మమ్మ స్థలాన్ని పక్కవాళ్లు ప్రహరీలో కలిపేసుకున్నారు. కోర్టు వాయిదాలకి మా అమ్మ ఆరోగ్యం దెబ్బతింది. అక్క ఇంకా తిరుగుతూనే ఉంది. డబ్బు కన్నా, అమ్మమ్మ ఇంట్లో అన్నం తిన్నవాళ్లే అలా చేశారన్న బాధ పెద్దది. మీ నాన్నగారిలాంటి పక్కింటాయన మాకు ఉండి ఉంటే, ధర దగ్గర బేరం కూడా ఆడేవాళ్లం కాదు. ఫోన్ దొరికితే ముందు స్థలం ఫోటోలు పంపండి, ఇన్నేళ్లూ ఎలా చూసుకున్నారో చెప్పండి, ఆ తర్వాతే కొనే మాట ఎత్తండి.

వాళ్లలో ఎవరైనా అమెరికాలో ఉంటే రావాల్సిన పనిలేదు. ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపొచ్చు. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. మా కజిన్ విషయంలో ఆ గడువు దాటిపోయి మళ్లీ పంపాల్సి వచ్చింది.

తూర్పుదొడ్డి:

మాస్టారూ, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. మా దస్తావేజులో తూర్పు హద్దుగా మామ్మగారి పేరే ఉంది. పంచాయతీ పాత రిజిస్టరులో కూడా ఆవిడ పేరే. పురోహితుడుగారి దగ్గర మామ్మగారి కూతురి నంబరు దొరికింది, విశాఖలో ఉంటున్నారు. ఫోటోలు పంపితే ఆవిడ వెంటనే నాన్నకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. పెద్దబ్బాయిగారి భార్య, కొడుకు హైదరాబాదులో, రెండో అబ్బాయి న్యూజెర్సీలో ఉన్నారట. అమ్మడానికి అందరికీ ఇష్టమే. కానీ ఈ స్థలం తన వాటాకి వచ్చినట్టు అన్నదమ్ములు తెల్లకాగితం మీద రాసిచ్చారని, తానొక్కతే సంతకం పెడితే చాలదా అని ఆవిడ అడుగుతున్నారు.

దస్తావేజు మాస్టారు:

సంతోషం అమ్మా. ఆ తెల్లకాగితం వాళ్లలో వాళ్లకి మాట. దాన్ని నమ్ముకుని మీరు ఆవిడ ఒక్కరి దగ్గరే కొనొద్దు. పంపకం ఆ కాగితంతోనే జరిగిందంటే దానికి రిజిస్ట్రేషన్ ఉండాల్సింది. అన్నలిద్దరి వైపు నుంచి ఆవిడకి హక్కు విడుదల దస్తావేజు రాయించొచ్చు, కానీ అది ఇంకో ఖర్చు. తేలికదారి, ఒకే క్రయ దస్తావేజులో అందరినీ అమ్మకందారులుగా చేర్చడం. పెద్దబ్బాయిగారి భార్య, కొడుకుతో పాటు ఇంకా పిల్లలుంటే వాళ్లు కూడా. మామ్మగారిది, పెద్దబ్బాయిది మరణ ధ్రువపత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు తెప్పించండి. డబ్బు ఎవరికి ఎంత చేరాలో వాళ్లే చెబుతారు, దస్తావేజులో అలాగే రాయించి బ్యాంకు ద్వారా ఇవ్వండి. న్యూజెర్సీ ఆయన విదేశంలో ఉంటారు కాబట్టి, ఆయనకి వెళ్లే మొత్తం ఎంత చిన్నదైనా టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టాలి, ఆడిటర్‌ని ముందే అడగండి.

ఈలోగా సర్వేయర్‌తో కొలిపించి నాలుగు మూలలా రాళ్లు వేయించండి, అటు పక్కవాళ్లు దగ్గర ఉండగానే. ఆరు సెంట్లంటే 290.4 గజాలు రావాలి. నుయ్యి లోపలికి వస్తుందో, హద్దు మీద పడుతుందో చూసి షెడ్యూలులో రాయించండి. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో లేదని స్లాటు తీసుకునే ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించుకోండి, ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం చేతిలో ఉంచుకోండి. అది మీరు ఇచ్చే ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే పంచాయతీలో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టండి. గది ప్లాను అప్రూవల్‌కి ఆ పేరే అడుగుతారు.