ఏ0 సైజు పటానికి పీఎన్‌జీ ఇవ్వాలా, పీడీఎఫ్ ఇవ్వాలా?

కాలువగట్టు:
మా మండలంలోని చెరువులు, కాలువల పటం ఏ0 సైజులో ప్రింట్ చేయించాలి. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోని ప్రింట్ లేఅవుట్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టి ఇమేజ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే మెమరీ చాలడం లేదని ఆగిపోతోంది. 300కి దించితే ఫైలు వస్తోంది, కానీ వెనకున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బేస్‌మ్యాప్‌లో ఊళ్ల పేర్లు చీమ తలకాయంత కనిపిస్తున్నాయి. ఫ్లెక్స్ షాపువాళ్లు బొమ్మే (పీఎన్‌జీ) కావాలంటున్నారు, మా ఆఫీసులో సీనియర్ గారు పీడీఎఫే ఇవ్వమంటున్నారు. ఎవరి మాట వినాలి?

పటంపని:
షాపువాళ్ల మాటే వినండి. పీఎన్‌జీ ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటుంది. పీడీఎఫ్‌ను వాళ్లు డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో తెరిచినప్పుడు మన తెలుగు ఫాంట్ అక్కడ లేకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. ఊరంతా చూసే బోర్డు మీద ఊరి పేరే తప్పు పడితే ఎవరు సమాధానం చెప్పాలి?

లేయర్స్:
పటంపని గారూ, ఒత్తుల బాధ నిజమే. కానీ దానికోసం పీడీఎఫ్‌నే వదులుకోనక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు టెక్స్ట్‌ను పాత్‌లుగా పంపే ఆప్షన్ ఉంది. అది పెడితే అక్షరాలు గీతలైపోతాయి, ఇక ఫాంట్‌తో పనే లేదు. ఆ ఫైల్లో పేర్లు వెతకడం కుదరదు. గోడకు పెట్టే పటంలో వెతికేదెవరు?

కాలువగట్టు గారూ, మెమరీ లెక్క చూడండి. ఏ0 అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో 9,933 × 14,043 పిక్సెళ్లు, దాదాపు 14 కోట్లు. పిక్సెల్‌కు 4 బైట్లు చొప్పున ఆ ఒక్క బొమ్మకే 560 ఎంబీ దాకా ర్యామ్ కావాలి. 600 పెడితే రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 2.2 జీబీ. ఆగిపోక ఏం చేస్తుంది!

పేర్లు చిన్నవి కావడం వేరే సంగతి. ఆ బేస్‌మ్యాప్ 256 పిక్సెళ్ల టైళ్లుగా (చదరపు బొమ్మ ముక్కలుగా) వస్తుంది, పేర్లు అందులో ముందే బొమ్మగా అతికి ఉంటాయి. డీపీఐ పెంచితే క్యూజీఐఎస్ ఇంకా దగ్గరి జూమ్ టైళ్లు తెప్పిస్తుంది. 96 డీపీఐకి సరిపోయే అక్షరం 300లో మూడో వంతుకు పడిపోతుంది. పీడీఎఫ్ చేసినా ఇది పోదు. బేస్‌మ్యాప్ తీసేసి, ఊళ్లను వెక్టర్ పొరగా (బొమ్మగా కాక, గీతలు, బిందువులుగా ఉండే పొరగా) తెచ్చుకుని, లేబుల్ సైజు పాయింట్లలో మీరే ఇవ్వండి. అప్పుడు డీపీఐ ఎంత మార్చినా అక్షరం మారదు.

పటంపని:
లేబుళ్ల విషయంలో మీతో నాకు పేచీ లేదు. పీడీఎఫ్ మీద మాత్రం నా అనుమానం తీరలేదు. కొండల నీడల మీద చెరువుల పొరకు మల్టిప్లై బ్లెండింగ్ (కింది రంగుతో కలిపి ముదురు చేసే పద్ధతి) పెడితే ఆ పొర పీడీఎఫ్ లోపల బొమ్మగానే మారిపోతుంది. పొర మొత్తానికి ఒపాసిటీ తగ్గించి పారదర్శకంగా చేసినా అంతే. జూమ్ చేస్తే చెరువు గట్టు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అప్పుడు దానికీ పీఎన్‌జీకీ తేడా ఏముంది? నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌కు 150 డీపీఐ చాలు, 140 ఎంబీలో పని అయిపోతుంది.

లేయర్స్:
ఒపాసిటీ పొరకు కాకుండా రంగుకు ఇవ్వండి, గట్టు గీత గీతగానే ఉంటుంది. దూరం నుంచి చూసే పటమైతే మీ 150కి ఒప్పుకుంటాను. కానీ రైతు దగ్గరికొచ్చి వేలు పెట్టి తన సర్వే నంబరు వెతుక్కునే పటమైతే ఒప్పుకోను. కాలువగట్టు గారూ, మీ పటంలో సర్వే నంబర్లు ఉన్నాయా?

కాలువగట్టు:
ఉన్నాయండి. ఆయకట్టు మొత్తం ఉంది.

లేయర్స్:
అయితే పీడీఎఫే. అందులో నంబర్లు గీతలుగానే ఉంటాయి, దగ్గరి నుంచి చూసినా మెట్లు కనిపించవు. ముందు నంబర్లు ఇరుకుగా ఉన్న చోట ఏ4 ముక్క ఒకటి అదే షాపులో ప్రింట్ తీయించి చూడండి.