కేదార్‌కంఠకు అన్న పాత బూట్లు పనికొస్తాయా?

హన్మకొండ పోరడు:

అందరికీ నమస్తే. నాకు 26 ఏళ్లు, ఉండేది నక్కలగుట్టలో. ఇంతవరకు ఎక్కిన పెద్ద కొండ అంటే పద్మాక్షి గుట్టే. డిసెంబర్ చివరి వారంలో ముగ్గురు దోస్తులం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కడానికి పోతున్నాం. గైడు, టెంట్లు, తిండి అక్కడివాళ్లే చూసుకుంటారు. సామానుకు నా దగ్గర మిగిలింది పదివేలు. ఆరున్నర వేలకు ఒక డౌన్ జాకెట్ (లోపల మెత్తటి ఈకలు నింపింది) చూసి పెట్టుకున్నాను. బూట్లు కొనే పని లేదు. మా అన్న ఐదేళ్ల కింద లద్దాఖ్ కోసం కొన్నవి సజ్జ మీద డబ్బాలో ఉన్నాయి, రెండుసార్లే తొడిగాడు. ఇంకేం కొనాలి? రోజూ ఎంతసేపు ఉరకాలి? కుదిరితే వచ్చే ఏడు హిమాచల్‌లోని ఫ్రెండ్‌షిప్ పీక్ కూడా ఎక్కాలని ఉంది.

గోదావరిఖని కాక:

తమ్మీ, జాకెట్ సంగతి తర్వాత. ముందు ఆ బూట్లు కిందికి దించు. అడుగుకూ తోలుకూ మధ్య మెత్తటి పొర ఉంటుంది చూడు, అక్కడ బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కు. గుంట పడి అట్లనే ఉన్నా, పొడి రాలినా ఇక వాటిని నమ్మొద్దు. చాలా బూట్లలో ఆ పొర పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురుగుతో చేస్తారు. తొడిగినా తొడగకపోయినా గాలిలో తేమకు అది లోపల్లోపలే చివికిపోతుంది. పైకి మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంటుంది.

ఇది నేను చదివి చెప్పడం లేదు. 2016లో ఉత్తరాఖండ్‌లోనే హర్ కీ దూన్ లోయకు పోయినప్పుడు రెండో రోజే నా కుడి బూటు నోరు తెరిచింది. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో పనిచేసినవాణ్ని, బూట్ల గురించి నాకొకరు చెప్పాలా అనుకునేవాణ్ని. చివరికి గైడు నైలాన్ తాడు ఇస్తే, బర్రెకు పలుపు కట్టినట్టు కట్టుకుని మిగతా మూడు రోజులు నడిచాను.

కాబట్టి నీ పదివేలలో సగం బూట్లకే పెట్టు. సాయంత్రం పూట దుకాణానికి పో, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. మందం ఉన్ని సాక్సులు వెంట తీసుకుపోయి, వాటి మీదే తొడిగి చూడు. లేసులు బిగించి, మెట్టు అంచు మీద వేళ్లు కిందికి వాలేటట్టు నిలబడు. వేళ్లు ముందు తగిలాయంటే ఆ సైజు వద్దు. తగిలితే దిగేటప్పుడు గోళ్లు నల్లబడి ఊడుతాయి. కొన్నాక ఆఫీసుకు కూడా అవే వేసుకుపో, నవ్వేవాళ్లను నవ్వనీ. అక్కడ మొదటిసారి తొడిగితే బొబ్బలు ఖాయం.

జాకెట్ మీ నడక మొదలయ్యే ఊరు సాంక్రీలో అద్దెకు దొరుకుతుంది. మంచు మీద జారకుండా బూట్లకు తగిలించే స్పైకులు, బూట్లలోకి మంచు పోకుండా పిక్కలకు చుట్టే గైటర్లు మీ వాళ్లు ఇస్తారేమో ముందే అడుగు. హెడ్‌ల్యాంప్ మాత్రం సొంతానికి కొనుక్కో, శిఖరానికి బయలుదేరేది తెల్లవారక ముందే. కాటన్ బనియన్లు ఇంట్లోనే వదిలెయ్, చెమటకు తడిస్తే ఆ చలిలో ఆరవు.

ఉరకడం కంటే మెట్లు మేలు. నీ పద్మాక్షి గుట్టే చాలు. బ్యాగులో ఆరు లీటర్ల నీళ్లు పెట్టుకుని ఎక్కు, దిగు. దిగేటప్పుడు నిదానం. మోకాలు నొప్పి అనిపిస్తే పైనే నీళ్లు పారబోసి ఖాళీ బ్యాగుతో రా.

ప్రయాణం సంగతి. కాజీపేటలో పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీ. కానీ డిసెంబర్‌లో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యం. మధ్యాహ్నం రైలుకు డెహ్రాడూన్ టికెట్ తీసుకుని టెన్షన్ పడొద్దు, ఒక రోజు చేతిలో ఉంచుకో. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాదాపు 200 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, పగలంతా పడుతుంది. పురోలా దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఫ్రెండ్‌షిప్ పీక్ 5,289 మీటర్లు. అక్కడ క్రాంపాన్లు (గట్టి మంచు మీద బూట్లకు కట్టే పెద్ద ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), తాడు వాడటం రావాలి. మన నిజామాబాద్ పిల్ల పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా అనకు. ఆమె భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొందాకే అటు పోయింది. నువ్వూ ఉత్తరకాశీలో కొండలెక్కడం నేర్పే నెహ్రూ సంస్థవాళ్ల బేసిక్ కోర్సు చేసి అప్పుడు ఆలోచించు.

కరీంనగర్ అక్క:

కాక ఎత్తు గురించి మర్చిపోయారు. కేదార్‌కంఠ 12,500 అడుగులు. చివరి క్యాంపులో నాకు తలనొప్పి, వాంతులు. దోస్తుల ముందు నామోషీ అని గైడుకు చెప్పలేదు. అది నా బుద్ధితక్కువ పని. నీకు తలనొప్పి వస్తే వెంటనే చెప్పు, తగ్గేదాకా పైకి పోకు. కూర్చున్నా ఆయాసం ఆగకపోయినా, నడక తూలినా రాత్రయినా సరే కిందికి దించాల్సిందే. ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ గోళీ డాక్టర్‌ను అడగకుండా వేసుకోకు, సల్ఫా మందులు పడనివాళ్లకు అది ప్రమాదం కావచ్చు. రాత్రి ఫోన్ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకో, చలికి బ్యాటరీ పడిపోతుంది. ఇంకోటి, సకినాలు మోసుకుపోకు. నా బ్యాగులో పిండే మిగిలింది. పల్లీపట్టి నయం.

హన్మకొండ పోరడు:

కాకా, నొక్కాను. గోరు లోపలికి దిగిపోయింది. ఇంకొంచెం వంచితే మడమ దగ్గర పొర తడిసిన బిస్కెట్‌లా ఊడివచ్చింది. మా అన్న 'ఎనిమిది వేలురా అవి' అని రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జాకెట్ వద్దనుకున్నాను. ఆదివారం సాయంత్రం బూట్లకు పోతున్నా. అక్కా, థ్యాంక్స్, తలనొప్పి దాచను. ఒక్క డౌటు, నా ఎడమ పాదం కుడిదానికంటే కొంచెం పెద్దది. ఏ కాలుకు కొలవాలి?

గోదావరిఖని కాక:

పెద్ద కాలుకే తమ్మీ. చిన్నదానికి ఇంకో సాక్సు తొడుగు.