ఋణవిద్యుదాత్మకతలో ఋణం ఎవరిది?

ప్రూఫు కళ్లద్దాలు: అందరికీ నమస్కారం. ఒక రసాయనశాస్త్ర పాఠానికి ప్రూఫులు దిద్దుతున్నాను. వ్యాకరణం తెలుసు గానీ రసాయనం నాకు అంతంతమాత్రం. రెండు చోట్ల కలం ఆగింది. ఒకటి: "ఋణవిద్యుదాత్మకత ఎక్కువున్న పరమాణువు బంధంలోని ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది" అని ఉంది. ఉన్నదంతా తన వైపు లాక్కునేవాడికి ఋణం అని పేరేమిటండీ? రెండు: ఒక పేజీలో "కార్బన్, ఆక్సిజన్ల మధ్య ఉన్నది ధృవ బంధం" అన్నారు. పేజీ తిప్పితే "కార్బన్ డయాక్సైడ్ అధృవ అణువు" అని ఉంది. ఈ రెంటిలో ఏది అచ్చుతప్పు?

వట్రసుడి: అచ్చుతప్పు రెంటిలోనూ ఉంది. "ధృవ" కాదు, "ధ్రువ". ధకి క్రావడి ఇచ్చి కొమ్ము పెట్టాలి. మనం ఋకారాన్ని "రు" అని పలుకుతాం కాబట్టి చెవికి తేడా తెలియదు, చెయ్యి జారి వట్రసుడి పడుతుంది. నా పేరు చూసి నేను దాన్ని వెనకేసుకొస్తాననుకోకండి. ధ్రువం అంటే కదలనిది. ధ్రువనక్షత్రం, ధ్రువీకరణ పత్రం అన్నీ అందులోంచి వచ్చినవే. కదలని చుక్క ఉన్న దిక్కు కొస కాబట్టి అది ఉత్తర ధ్రువమైంది. అక్కణ్ణుంచి రెండు కొసలున్న ప్రతిదానికీ, అయస్కాంతంతో సహా, ఆ మాట పాకింది. రసాయనం సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

సుద్దముక్క: ఆ రెండు వాక్యాలూ సరైనవే, దేన్నీ కొట్టేయకండి. ముందు ఋణం సంగతి చూద్దాం.

బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో కూడిక సంఖ్యలను ధనం అనీ, తీసివేత సంఖ్యలను ఋణం అనీ అన్నాడు. చేతిలో ఉన్నది ధనం, తీర్చాల్సింది ఋణం. విద్యుత్తుకి ప్లస్, మైనస్ గుర్తులు వచ్చినప్పుడు మనవాళ్లు ఆ జంటనే వాడుకున్నారు. ఎలక్ట్రాన్ ఆవేశం మైనస్ కాబట్టి, దాన్ని దగ్గరికి తీసుకున్న పరమాణువు వైపు ఋణం చేరుతుంది. అంటే అది కూడబెడుతున్నది అప్పునే! మీ "లాక్కునేవాడు" నిజానికి అప్పు చేసేవాడు. పేరు అతికినట్టే ఉంది కదా.

ఇక్కడో తమాషా ఉంది. ఋణవిద్యుదాత్మకతకి మూలమైన "ఎలక్ట్రోనెగెటివిటీ" అన్న పదాన్ని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1811లో తెచ్చాడు. అప్పటికి ఎలక్ట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు, అది బయటపడింది 1897లో. విద్యుత్తు పంపి పదార్థాన్ని విడగొడితే ఏ మూలకం ఏ కొసకి చేరుతుందో చూసి ఆయన పేర్లు పెట్టాడు. ఎలక్ట్రాన్లను లాగడం అనే అర్థం తర్వాత వచ్చి చేరిందే.

దానికి అంకెలు కట్టింది అమెరికన్ రసాయన శాస్త్రవేత్త పౌలింగ్, 1932లో. ఇప్పుడు వాడే విలువలు చెబుతాను. ఫ్లోరిన్ 3.98తో అందరికన్నా పైన ఉంటుంది. ఆక్సిజన్ 3.44, క్లోరిన్ 3.16, కార్బన్ 2.55, హైడ్రోజన్ 2.20, సోడియం 0.93. బంధంలో ఉన్న ఇద్దరి విలువల మధ్య తేడా చూడాలి. హైడ్రోజన్‌కీ క్లోరిన్‌కీ తేడా 0.96. ఎలక్ట్రాన్ జంట ఇద్దరిదీ అయినా క్లోరిన్ వైపు మొగ్గుతుంది. అదే ధ్రువ సమయోజనీయ బంధం. సోడియం, క్లోరిన్ల తేడా 2.23. అక్కడ మొగ్గడం కాదు, ఎలక్ట్రాన్ దాదాపు పూర్తిగా చేతులు మారుతుంది. అది అయానిక బంధం. కార్బన్, హైడ్రోజన్ల తేడా 0.35 మాత్రమే కాబట్టి దాన్ని అధ్రువం కిందే లెక్కేస్తారు.

పాఠాల్లో 1.7 దాటితే అయానికం అని ఒక గీత గీస్తారు. ఆ గీతని కంఠతా పట్టించడం నాకు నచ్చదు. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో తేడా 1.78. గీత ప్రకారం అయానికం కావాలి, కానీ అది సమయోజనీయమే, కాకపోతే బాగా ధ్రువమైనది. మీ పాఠంలో "1.7 దాటితే తప్పనిసరిగా" అని ఉంటే "సాధారణంగా" అని మార్చమని రచయితకి చెప్పండి.

ఇక మీ రెండో ప్రశ్న. బంధం ధ్రువమా అన్నది ఇద్దరి మధ్య లెక్క. అణువు ధ్రువమా అన్నది ఆ మొగ్గులన్నీ కలిపాక మిగిలేదాని లెక్క. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ మధ్యలో, ఆక్సిజన్లు చెరో పక్కా, మూడూ ఒకే గీత మీద ఉంటాయి. ఒక్కో బంధంలో తేడా 0.89, మొగ్గు గట్టిదే. కానీ రెండు మొగ్గులూ ఎదురెదురుగా సమానంగా ఉండి కొట్టేసుకుంటాయి. అణువు మొత్తం మొగ్గుని కొలిచే ద్విధ్రువ భ్రామకం సున్నా. నీరు అలా కాదు. దాని బంధాల మధ్య కోణం 104.5 డిగ్రీలు. రెండు మొగ్గులూ ఆక్సిజన్ వైపే కలిసొస్తాయి, 1.85 డిబై (ఆ భ్రామకాన్ని కొలిచే ప్రమాణం) మిగులుతుంది. కాగితం మీద గీతలా రాసి చూపిస్తే నీరూ అధ్రువమే అనిపిస్తుంది. పిల్లలు తప్పు చేసేది అక్కడే.

వట్రసుడి: "మొగ్గు" బాగుంది మాస్టారూ. త్రాసు మొగ్గినట్టు. కానీ అన్నిసార్లూ విలువ ఎక్కువున్న వైపే మొగ్గుతుందా?

సుద్దముక్క: మంచి చోట పట్టుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌లో తేడా అదే 0.89. చూడగానే ఆక్సిజన్ వైపు ఋణం అనేస్తాం. కొలిస్తే భ్రామకం 0.11 డిబై మాత్రమే, పైగా ఋణం కొస కార్బన్ వైపు! కార్బన్ మీద విడిగా ఉన్న ఎలక్ట్రాన్ జంట లెక్కని తిరగేస్తుంది. విలువల తేడాకి ఆ జంట కనిపించదు.

ప్రూఫు కళ్లద్దాలు: అంటే అప్పు తీసుకున్నవాడికీ ఇచ్చినవాడికీ మధ్య ఉన్నది ఋణానుబంధమన్నమాట! రెండు వాక్యాలూ ఉంచేశాను. రెండో దాని ముందు "బంధాలు ధ్రువమైనవే అయినా" అని చేర్చాను. వట్రసుళ్లు తీస్తుంటే పాఠమంతటా పదకొండు తేలాయి. ఇంకొకటి: రచయిత ఒకచోట "ఋణ", ఇంకోచోట "రుణ" అని రాశారు. ఏది ఉంచమంటారు?

వట్రసుడి: "రుణ" ఉంచండి. ఇప్పటి పుస్తకాల్లో అదే కనిపిస్తోంది. నాకు మాత్రం "ఋణ" ఇష్టం.