‘గ్లేజ్’ని తెలుగులో ఏమందాం? ఓట్స్ కుకీల దగ్గర ఆగిపోయాను

పోస్టు:

గ్లేజ్ వేసిన ఓట్స్ కుకీలు ఎలా చేయాలో మొదటి నుంచి చివరిదాకా తెలుగులో రాద్దామని కూర్చున్నాను. మా వదిన అడిగింది కాబట్టి మొదలుపెట్టాను గానీ, రాస్తున్నకొద్దీ ధ్యాసంతా మాటల మీదికి మళ్లింది.

ముప్పాతిక భాగం చకచకా సాగింది. కొన్నిచోట్ల తెలుగే పని సులువు చేసింది. రేకులు రేకులుగా ఉండే ఓట్స్‌ని మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పాలి. మెత్తటి పిండి కాకూడదు, రేకులు అలాగే మిగిలిపోకూడదు. ఇదంతా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ‘బరకగా’ అన్న మాట దానంతటదే వచ్చి కూర్చుంది. ఇక వివరణ అక్కర్లేదు, చదివినవాళ్ల వేళ్లకి ఆ గరుకు తెలిసిపోతుంది. మసాలాల దగ్గరా అంతే. చెంచాడు దాల్చినచెక్క పొడి, అరచెంచా శొంఠి, పావుచెంచా జాజికాయ, చిటికెడు లవంగాల పొడి. ఇంగ్లీషులో అల్లానికీ శొంఠికీ ఒకటే మాట, ముందు ఎండిందనో పొడి అనో తగిలించుకోవాలి. మనకి ఎండగానే పేరే మారిపోతుంది.

ఆఖరి మెట్టు దగ్గర దెబ్బ తిన్నాను. ‘కుకీలు చల్లారాక పంచదార పాకంలో ముంచి తీయాలి’ అని రాసి పంపాను. మా వదిన అక్షరం తప్పకుండా చేసింది. పంచదారలో నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టి, తీగ వచ్చేదాకా చూసి, కుకీల్ని ముంచింది. పైన తెల్లటి పొర రావాల్సింది పోయి నీళ్లలా మెరిసే జిగురు వచ్చింది. తెల్లారేసరికి కుకీలు ఒకదాన్నొకటి పట్టుకుని విడిపోలేదు. ఫోన్ చేసి, “పాకమన్నావుగా, పాకమే పట్టాను” అంది. ఆవిడ తప్పేం లేదు. తెలుగు వచ్చినవాళ్లెవరికైనా పాకమంటే ‘పట్టేది’, పట్టాలంటే పొయ్యి వెలగాలి. ‘పచ్’ ధాతువు నుంచి వచ్చిన మాట అది. పచనం, పక్వం, పాకశాల, అన్నింట్లోనూ వేడి ఉంది. ఈ గ్లేజ్‌కి మాత్రం నిప్పుతో పనే లేదు. 120 గ్రాముల పంచదార పొడి, రెండు టేబుల్‌స్పూన్ల పాలు, ఒక ఫోర్కు. అంతే.

తేడా ఒక్క వేడిలోనే కాదు, కంటికీ కనపడుతుంది. మామూలు గది వేడిలో ఒక గ్రాము నీరు సుమారు రెండు గ్రాముల పంచదారని కరిగించుకుంటుంది. రెండు టేబుల్‌స్పూన్లంటే 30 మిల్లీలీటర్ల పాలు. వాటిలో ఉన్న నీటికి యాభై గ్రాములు కరిగితే గొప్ప. మిగతా పొడి సన్నటి రవ్వలుగా అలాగే ఉండి, పడ్డ వెలుతురుని నాలుగువైపులా చెదరగొడుతుంది. అందుకే ఇది తెల్లగా ఉంటుంది. పాకంలో పంచదార అంతా కరిగిపోతుంది, అందుకని అవతలివైపు కనిపిస్తుంది. పేరు కూడా ఈ తేడా చూపించాలని నా కోరిక.

‘మెరుగు’ అందామనుకున్నాను. ఇంగ్లీషు ‘గ్లేజ్’ అద్దానికి వాళ్లు వాడే ‘గ్లాస్’ నుంచే పుట్టింది కాబట్టి మెరుపు అర్థం సరిపోతుంది. కానీ ఆరాక ఈ పొర మెరవదు, సున్నం వేసిన గోడలా తెల్లగా నిలుస్తుంది. ‘లేపనం’ అంటే మందు గుర్తొస్తుంది. మీరేమంటారు? వంటమాటలు బాగా తెలిసినవాళ్లు ఈ గుంపులో చాలామందే ఉన్నారు, దయచేసి చెప్పండి.

వ్యాఖ్య:

అమ్మా, పాకాన్ని అంత తొందరగా వదిలేయకండి. ఆ మాట పొయ్యి దాటి చాలా దూరం నడిచింది. కవిత్వంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నప్పుడు నిప్పెక్కడుంది? పండు నోట్లో వేసుకోగానే రసం వస్తుందా, తొక్క ఒలవాలా, టెంకాయలా పగలగొట్టాలా అన్నదే లెక్క. కథ పాకాన పడిందని రోజూ అంటాం. ‘పచ్చి పాకం’ అని రాస్తే కాచనిదని తెలుస్తుంది కదా!

పోస్టు రాసినవారి జవాబు:

మాస్టారూ, ద్రాక్షాపాకం ఉదాహరణ చాలా బాగుంది, కాదనను. కాకపోతే కవిత్వం చదివేవాడి చేతిలో గరిటె ఉండదు. వంట రాసేటప్పుడు చదివేవాళ్లు ఆ మాట విని వెంటనే ఏదో ఒకటి చేస్తారు. ఇంకో చిక్కు ఏమిటంటే, వంటింట్లో ‘పచ్చి’ అంటే ఇంకా ఉడకాలని అర్థం. పచ్చివాసన పోయేదాకా అంటాం. పచ్చి పాకం అని రాస్తే మా వదిన ఇంకో ఐదు నిమిషాలు కాచేస్తుంది.

వ్యాఖ్య:

గ్లేజ్ అనే ఉంచేయండి. కుకీ, ఓవెన్, ఓట్స్ ఉంచారు కదా, దీనికెందుకు ఇంత పట్టుదల? అరువు మాట తెచ్చుకుంటే తప్పేముందండీ?

పోస్టు రాసినవారి జవాబు:

అరువు మాటల మీద నాకే కోపమూ లేదండీ. ‘కుకీ’ ఇంగ్లీషువాళ్లకీ అరువే. చిన్న కేకు అనే అర్థంలో డచ్చివాళ్లు ‘కూక్యె’ అనేవారు, దాన్ని తెచ్చుకున్నారు. మన దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులు మారింది, అయినా హాయిగా ఇమిడిపోయింది. కుకీ అంటే ఒక వస్తువు, పళ్లెంలో కనిపిస్తుంది, పేరేదైనా గుర్తుపడతాం. గ్లేజ్ అలా కాదు, చదివి చేసుకోవాలి. ఆ మాట విన్న ఇంగ్లీషు చెవికి అద్దం లీలగా వినపడుతుంది. నా మాట విన్న చెవికి కూడా ఏదో ఒకటి వినపడాలి కదా. మట్టిపాత్రల మీద పోసే మెరుపుకీ ఇదే పేరు వాడుతున్నారు, అది కొలిమిలో కాలాలి, ఇది గాలికి ఆరాలి.

వ్యాఖ్య:

‘పూత’ ఉండగా ఎందుకండీ ఇంత వెతుకులాట? వెండి పూత, బంగారు పూత, పైపూత మందు. పలచటి పొర, కింది వస్తువు దాని ఆకారం పోగొట్టుకోదు. ‘పంచదార పూత’ అనండి.

ఇంకొక సంగతి. మీ వాక్యంలో అసలు తప్పు పాకం ఒక్కటే కాదు. ‘ముంచి’ అన్నారు చూడండి, అదీ తప్పే. ముంచితే కుకీ అంతా మునిగిపోతుంది. ఇక్కడ చేయాల్సింది ‘అద్దడం’. కలాన్ని సిరాలో అద్దినట్టు. బట్టల మీద అచ్చు వేసేటప్పుడు ఎత్తుగా ఉన్నచోటే రంగంటుతుంది, దాన్నే అద్దకం అంటాం.

పోస్టు రాసినవారి జవాబు:

ఈ వ్యాఖ్య చదివి లేచి వంటింట్లోకి వెళ్లాను. నిన్నటివి ఆరు కుకీలు మిగిలి ఉన్నాయి. వెడల్పాటి గిన్నెలో పంచదార పొడి, పాలు కలిపాను. గరిటజారు కన్నా కాస్త చిక్కగా, ఫోర్కు ఎత్తితే ధార తెగకుండా జారాలి, పడ్డ గీత నాలుగైదు సెకన్లు కనపడి తర్వాత కలిసిపోవాలి. మూడింటిని ముంచాను, మూడింటిని అద్దాను.

ముంచినవి నున్నగా, బోడిగా వచ్చాయి. పగుళ్లు, గుంటలు అన్నీ నిండిపోయి ఏ కుకీ అయినా ఒకటే అన్నట్టున్నాయి. అద్దిన వాటిని చూస్తే నాకు నిజంగా సంతోషమేసింది. కుకీని బోర్లించి, పైముఖం మాత్రం తగిలీ తగలనట్టు ఆనించి, తిన్నగా పైకెత్తి, కారేది కారేదాకా పట్టుకున్నాను. బరకగా ఆడిన ఓట్స్ వల్ల కుకీ మీద గుట్టలూ గుంటలూ వస్తాయి కదా, గుట్టల మీదే తెల్లటి పొర నిలిచింది. గుంటల్లో బెల్లం రంగు అలాగే కనపడుతోంది. ఓట్స్‌ని బరకగా ఆడమన్నది దీనికోసమే అని నాకు అప్పుడు అర్థమైంది. పిండి చేసేస్తే పైభాగం చదునైపోయి అద్దడానికి ఎత్తుపల్లాలే ఉండవు. ఎక్కడో మొదటి వాక్యంలో వాడిన ‘బరక’కీ ఆఖరి వాక్యంలో ‘అద్దు’కీ ఇంత చుట్టరికం ఉందని రాసేటప్పుడు తట్టనే లేదు.

పూతకి నా ఓటు. చెట్టు పూసే పూత కూడా అదే మాట కావడం నాకు అడ్డం అనిపించలేదు, ఆ తెలుపు చూశాక ఇంకా నచ్చింది.

వ్యాఖ్య:

పూత సంగతి తేలింది కాబట్టి నాది ఇంకో సందేహం. శీర్షికలో ‘శరత్కాలపు రుచులు’ అని పెడతానని మీరు ఇదివరకు ఇక్కడే అన్నారు. ఇంగ్లీషులో ఆ కాలం అనగానే ఆకులు రాలడం, చలి మొదలవడం, ఇంట్లో వెచ్చగా కూర్చోవడం. మన లెక్కలో ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. శరత్తు ఆశ్వయుజ కార్తికాలు, వెన్నెల కాలం. ‘శరత్కాలపు రుచులు’ అంటే చదివేవాళ్లకి దాల్చినచెక్క గుర్తొస్తుందా, చందమామ గుర్తొస్తాడా?

దాల్చినచెక్క అన్నాను కాబట్టి ఒక చిన్న ముచ్చట. పారశీకంలో ‘దార్’ అంటే చెట్టు, చెక్క. ‘చీనీ’ అంటే చీనా దేశపుది. దార్‌చీనీ అంటే చీనా చెక్క. అది మన నోట ‘దాల్చిన’ అయ్యాక దాని చివర మళ్లీ ‘చెక్క’ చేర్చుకున్నాం. ఒకే మాటలో చెక్క రెండుసార్లుంది!

వ్యాఖ్య:

పాకం గురించి మొదట రాసింది నేనేనమ్మా. ఓడిపోయినా బాధ లేదు, అద్దిన కుకీల సంగతి చదివి నేనూ పూత వైపే వచ్చాను. ఈ శరత్తు ప్రశ్నకి మాత్రం నన్నయగారి దగ్గరే సమాధానం ఉంది.

ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ‘శారదరాత్రులు’ అని మొదలయ్యే ఉత్పలమాల ఉంది. నన్నయగారి చివరి పద్యం అదేనని పేరు. అందులో శరత్కాలపు రాత్రులు ఎలా ఉన్నాయంటే, విచ్చుకున్న కలువల వాసనతో నిండిన గాలి ‘సౌరభము దాల్చి’, చంద్రుడు వెదజల్లే ‘కర్పూర పరాగ పాండు రుచిపూరము’లతో ఆకాశమంతా నిండిపోయిందంటాడు. పరాగం అంటే పొడి. పాండు అంటే తెలుపు. ఇక ‘రుచి’ అంటే ఇక్కడ నాలుక రుచి కాదు, కాంతి. కర్పూరపు పొడిలా తెల్లనైన కాంతి ప్రవాహాలు అని.

‘రుచ్’ ధాతువుకి వెలగడమనీ, నచ్చడమనీ రెండర్థాలూ ఉన్నాయి. రుచిరం అంటే అందమైనది, రోచిస్సు అంటే వెలుగు, విరోచనుడంటే సూర్యుడు, అభిరుచి అంటే ఇష్టం. నాలుక మీది రుచి కూడా ఈ కుటుంబంలోదే. అచ్చతెలుగులో దానికి ‘చవి’ ఉంది, అందులో వెలుగు లేదు, నాలుకే ఉంది. మీరు ‘శరత్కాలపు చవులు’ అంటే తప్పవుతుందేమో గానీ ‘రుచులు’ అంటే కాదు. తెల్లటి పొడి చల్లిన వెన్నెల, పరిమళం, రుచి, మూడూ ఆ పద్యంలో ఒక్కచోట ఉన్నాయి. పంచదార పొడితో తెల్లటి పూత అద్దిన కుకీకి అంతకన్నా సరైన పేరు ఎక్కడ దొరుకుతుంది?

పద్యంలో ‘దాల్చి’ అన్నది మన క్రియ, పైవారు చెప్పిన పారశీకపు దార్‌చీనీకీ దానికీ సంబంధం లేదు. అయినా సువాసన దాల్చిన చెక్క అని మనసు దానికదే అర్థం చెప్పేసుకుంటుంది.

పోస్టు రాసినవారి జవాబు:

మాస్టారూ, ఆ పద్యం కాలేజీలో కంఠతా పట్టాను. పరీక్షలో ప్రతిపదార్థం రాశాను, ‘రుచి = కాంతి’ అని కూడా రాశాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ రుచినీ, నాలుక మీది రుచినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. మీ వ్యాఖ్య మూడుసార్లు చదువుకున్నాను.

శీర్షిక ‘శరత్కాలపు రుచులు’గానే ఉంటుంది. అయితే సందేహం అడిగినవారు చెప్పిన వెచ్చదనం కూడా పోకూడదు, అందుకని లోపల మసాలాల దగ్గర ‘నులివెచ్చని ఘాటు’ అని చేర్చాను. శొంఠీ లవంగమూ నాలుకని కాల్చవు, మింగాక గొంతులో కాసేపు వెచ్చగా ఉంటాయి. అందుకే ‘కారం’ అనలేదు.

ఆఖరి మెట్టు ఇప్పుడిలా ఉంది:

‘175 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు కాల్చాలి. అంచులు రంగు తిరిగి నడుమ ఇంకా మెత్తగా ఉండగానే తీసేయాలి, చల్లారాక అదే గట్టిపడుతుంది. పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. వేడి మీద పూత నిలవదు, కరిగి లోపలికి ఇంకిపోతుంది. పంచదార పొడిలో పాలు చెంచా చెంచాగా పోస్తూ గరిటజారు కన్నా చిక్కగా కలపాలి. పొయ్యి మీద పెట్టకూడదు. ఒక్కో కుకీని బోర్లించి, పైముఖాన్ని పూతలో అద్ది, తిన్నగా ఎత్తి, కారేది కారనివ్వాలి.’

వ్యాఖ్య:

బాగుందండీ. కాకపోతే అద్దాక మళ్లీ వెల్లకిలా తిప్పి తీగల స్టాండు మీద పెట్టమని లేదు. మీ వదినగారు అక్షరం తప్పరని మీరే అన్నారు, బోర్లించే ఆరబెట్టేస్తారేమో!

పోస్టు రాసినవారి జవాబు:

నిజమే! ‘వెల్లకిలా తిప్పి, తీగల స్టాండు మీద పెట్టి, పూత వేలికి అంటనంతవరకూ ఆరనివ్వాలి’ అని చేర్చాను. ఇప్పుడే ఆవిడకి పంపించాను.