పీసీఓఎస్ ఉంది, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటే పిల్లలు పుడతారా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
అక్కలూ, నాకు 29 ఏళ్లు. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. ఇంటర్ నుంచీ పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాక నెలసరి తప్పే సమస్య). నెలసరి మూడు నాలుగు నెలలకోసారి, అదీ మాత్ర వేసుకుంటేనే. పెళ్లయి నాలుగేళ్లు. మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ బాగా పనిచేయడానికిచ్చే షుగరు మాత్ర) వాడాను, అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను. ఆరు కిలోలు తగ్గి ఎనిమిది పెరిగాను. డాక్టరు గారు బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ గురించి ఆలోచించమన్నారు. మా అత్తయ్య "కడుపు కోయించుకుంటే ఇక పిల్లలు పుట్టరు" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (మల్కాజిగిరి నుంచి):
చెల్లీ, నాదీ పీసీఓఎస్సే. స్లీవ్ చేయించుకుని రెండున్నరేళ్లయింది. అత్తయ్యగారికి ఒక్కటి చెప్పు: కోసేది అన్నం దిగే జీర్ణాశయాన్ని. గర్భసంచినీ అండాశయాలనూ ముట్టుకోరు. జీర్ణాశయంలో ముప్పావు వంతు పైగా తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు.

మనలో చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, అందుకని ఎక్కువగా ఊరుతుంది. అది అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువగా తయారు చేయిస్తుంది. దాంతో అండం విడుదల కాదు, గడ్డం మీద వెంట్రుకలొస్తాయి. బరువు దిగితే ఇన్సులిన్ కూడా దిగుతుంది. బ్రిటన్‌లో బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 35, ఆపైన ఉన్న 80 మంది పీసీఓఎస్ ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఏడాదిలో స్లీవ్ చేయించుకున్నవాళ్లకు సుమారు ఆరుసార్లు అండం విడుదలైంది, మందులతో ఉన్నవాళ్లకు రెండుసార్లే. నీ బీఎంఐ 38 దాకా ఉంది.

నాకు మూడో నెలలో మాత్ర లేకుండానే నెలసరి వచ్చింది. ఆ రోజు బాత్రూంలోనే ఏడ్చేశాను. అయితే నీకు గట్టిగా చెప్పాల్సింది ఇదే: ఆపరేషన్ తర్వాత కనీసం 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు వేగంగా పడిపోయే ఆ రోజుల్లో తల్లికే పోషకాలు చాలవు, బిడ్డకెక్కడివి? నాకు ఆపరేషన్ చేసిన చోట ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లు రానిది ఇప్పుడొస్తుందా అని మేమూ పట్టించుకోలేదు. అయిదో నెలలో తేదీ దాటిపోతే పది రోజులు నిద్ర పట్టలేదు. ఆపరేషన్‌కు ముందే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి కాపర్ టీ లాంటిది మాట్లాడుకో. స్లీవ్ కాకుండా గ్యాస్ట్రిక్ బైపాస్ (పేగును కూడా మళ్లించే బరువు తగ్గే ఆపరేషన్) అయితే గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు కూడా.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఇన్సూరెన్స్ వస్తుందా? జుట్టు ఊడుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు (ఉప్పల్ నుంచి, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల పని చేస్తాను):
అమ్మా, ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్ 2 షుగరు, గుండెజబ్బు లాంటివి ఉండాలి. ఆ జాబితాలో పీసీఓఎస్ లేదు. మీకు గురక, పగటి నిద్ర ఉంటే డాక్టరుకు చెప్పండి, నిద్ర పరీక్ష అవసరమేమో ఆయన చూస్తారు. చేరకముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

జవాబు (మల్కాజిగిరి నుంచి):
జుట్టు నిజమే చెల్లీ. నాకు నాలుగో నెలలో దువ్వెన నిండా వచ్చింది, ఏడాదికల్లా మళ్లీ మొలిచింది. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తక్కువ కాకూడదన్నారు. గుడ్లు, పనీర్, పెసరట్టు, పలుచటి పప్పు, అన్నీ కొంచెం కొంచెంగా. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం. గడ్డం మీద వెంట్రుకలు మాత్రం త్వరగా పోలేదు, లేజర్‌కు వెళ్తున్నాను. బరువు మళ్లీ పెరిగితే పీసీఓఎస్ లక్షణాలు తిరిగి రావచ్చు, అందుకే నేను చెకప్ ఒక్కటీ మానను. గైనకాలజిస్టు దగ్గరికి అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లు. ఆమె భయం ఆమె నోటితోనే అడగనివ్వు.